ఒకే స్వరం, అరగంట: స్వాన్స్ బ్యాండ్ కథ

[తెర నల్లగా ఉంటుంది. గాంగ్ మోత. మొదట సన్నగా, తర్వాత పెరుగుతూ.]

స్టేజి మీద ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా జేగంట లాంటి పెద్ద గాంగ్ వేలాడుతోంది. దాన్ని మెల్లగా కొడుతున్నాడు. జనం పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నారు. రెండు నిమిషాలైంది, ఇంకా గాంగే. ఇంకొకతను వచ్చి సింబల్స్, అంటే డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి పళ్లేలు, అందుకున్నాడు. తర్వాత గిటార్లు, బేస్, ఒక్కొక్కటే వచ్చి చేరాయి. అన్నీ ఒకే స్వరం మీద. పది నిమిషాలయ్యేసరికి పెద్ద జనరేటర్ గదిలో నిలబడ్డట్టుంది. ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట పాడలేదు.

ఈ బ్యాండ్ పేరు స్వాన్స్. 2014, 2015 టూర్లలో వాళ్ల కాన్సర్టు చాలాచోట్ల ఇలాగే మొదలయ్యేది. షో రెండు గంటలు దాటేది. వాయించే పాటలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

నిజం చెప్పాలంటే, వీళ్లను మొదటిసారి విన్నప్పుడు పది నిమిషాలకే ఆపేశాను. రికార్డు అరిగిపోయి ఒకేచోట తిరుగుతోందేమో అనిపించింది. అలా తిరగడమే వాళ్ల పనితనం అని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

[తెర: న్యూయార్క్ వీధుల పాత ఫొటోలు. మూల మీద 1982 అని అంకె.]

1982. న్యూయార్క్ డౌన్‌టౌన్‌లో మైకల్ జిరా అనే కుర్రాడు బ్యాండ్ పెట్టాడు. హంసలు చూడ్డానికి ఎంతో అందంగా ఉంటాయి, గుణం మాత్రం మహా చెడ్డది, అందుకే ఆ పేరు అని తర్వాత చెప్పుకున్నాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల ‘నో వేవ్’ అనే ధోరణి నడుస్తోంది. ట్యూను, కోరస్, గిటార్ సోలో, రాక్‌లో అలవాటైపోయినవన్నీ తీసి పక్కన పడేయడం ఆ ధోరణి పద్ధతి. సోనిక్ యూత్ కూడా ఆ గాలికి పెరిగిన బ్యాండే. 1982లో రెండు బ్యాండ్లూ కలిసే టూరుకు వెళ్లాయి.

తొలి ఆల్బమ్ ‘ఫిల్త్’ 1983లో వచ్చింది. తర్వాతి ఏడాది ‘కాప్’. గట్టి డ్రమ్స్, బండరాయి ఈడ్చినట్టు బేస్, మధ్యలో జిరా అరుపు. వేగం చాలా తక్కువ. అప్పట్లో పంక్ బ్యాండ్లన్నీ ఎవరు ఎంత వేగంగా వాయిస్తారని పోటీ పడుతుంటే, వీళ్లు సమ్మెట దెబ్బ తర్వాత సమ్మెట దెబ్బ అన్నట్టు వాయించేవాళ్లు. చరిత్ర తెలియాలంటే ‘కాప్’ వినాలి. సరదాకి రెండోసారి పెట్టుకునే ఆల్బమ్ మాత్రం కాదని నా అభిప్రాయం.

కాన్సర్టుల సంగతి ఇంకో ఎత్తు. శబ్దం భరించలేక జనం బయటికి వెళ్లిపోయేవాళ్లని, కొందరికి వాంతులు అయ్యేవని, కొన్ని షోలను పోలీసులు ఆపించారని కథలు ఉన్నాయి. కథలు కాబట్టి కొంత ఉప్పూకారం కలిసే ఉంటుంది. హాల్లో ఏసీ ఆపించేవాడన్న పేరు మాత్రం జిరాకి గట్టిగా అంటుకుంది.

[తెర: స్పీకర్ కోన్ అదురుతున్న క్లోజప్.]

ఇక్కడ కాసేపు ఆగి, అంత శబ్దం మన ఒంటికి ఏం చేస్తుందో చూద్దాం. ఇది తెలియకపోతే వీళ్ల పాట రికార్డులో ఒకలా, హాల్లో ఇంకోలా ఎందుకుంటుందో అర్థం కాదు.

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, ఆ స్వరానికి ఒక్కో అల పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకే. చిన్న గది పొడవుకన్నా ఎక్కువ. అంత పెద్ద అలను పెద్ద స్పీకర్లతో గట్టిగా తోస్తే చెవి ఒక్కటే వినదు. ఛాతీ అదురుతుంది, చొక్కా కదులుతుంది, కాళ్ల కింద నేల తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఎంత సౌండ్ పెంచినా ఈ భాగం రాదు.

రెండోది ఇంకా తమాషా. రెండు గిటార్ల తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉన్నాయనుకోండి, కాస్త తేడాతో. ఒకటి 200 సార్లు, ఇంకోటి 203 సార్లు కంపిస్తోంది. అప్పుడు రెండూ కలిసి సెకనుకు మూడుసార్లు వఁయ్, వఁయ్, వఁయ్ అని ఊగుతాయి. ఆ ఊగు ఏ ఒక్క తీగలోనూ లేదు, కలయికలో పుట్టింది.

[శబ్దం: 200 స్వరం ఒక్కటే. తర్వాత 203 కలుస్తుంది. ఐదు సెకన్లు మాటలు లేవు.]

విన్నారుగా. ఇప్పుడు మూడు గిటార్లు, గంటలు, సింబల్స్ అన్నీ కలిపి ఇరవై నిమిషాలు పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఎవరూ వాయించని స్వరాలు పైన తేలుతూ వినిపిస్తాయి. ఎవరో సన్నగా పాడుతున్నట్టు ఉంటుంది, తల తిప్పి చూస్తే ఎవరూ లేరు. తంబూరా శ్రుతిలో కాసేపు కూర్చున్నవాళ్లకి ఈ అనుభవం కొత్తేమీ కాదు. అక్కడ గుసగుసలా ఉండేది ఇక్కడ ఉరుములా ఉంటుంది, అంతే తేడా.

మూడోది మన మెదడు చేసే పని. ఒకే సంగీతపు ముక్క వందసార్లు వింటే చెవి ఇక ట్యూను కోసం వెతకడం మానేస్తుంది. చిన్న చిన్న తేడాలు పట్టుకోవడం మొదలుపెడుతుంది. డ్రమ్మర్ ఒక్క దెబ్బ వెనక్కి వేసినా పెద్ద మలుపులా తగులుతుంది. పది నిమిషాలకే ఆపేస్తే ఇదంతా పోతుంది. నేను పోగొట్టుకున్నది అదే.

[తెర: ఆల్బమ్ కవర్లు ఒక్కొక్కటిగా.]

మళ్లీ కథలోకి వెళ్దాం. జిరా ఈ సమ్మెట సంగీతంతోనే ఉండిపోయి ఉంటే స్వాన్స్ గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదేమో. 1980ల మధ్యలో జార్బో అనే గాయని, కీబోర్డు వాయించే ఆమె, బ్యాండ్‌లో చేరింది. 1987లో వచ్చిన ‘చిల్డ్రన్ ఆఫ్ గాడ్’లో అకౌస్టిక్ గిటార్, పియానో, మెత్తటి గొంతు ఆ మోతకు పక్కనే కూర్చున్నాయి. పాత అభిమానుల్లో కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం బ్యాండ్ అసలు పుట్టింది అక్కడే అనిపిస్తుంది. నిశ్శబ్దం పక్కన ఉంటేనే కదా మోతకు బరువు.

1989లో పెద్ద రికార్డు కంపెనీ పిలిచింది. బిల్ లాస్వెల్ ప్రొడ్యూసర్‌గా ‘ద బర్నింగ్ వరల్డ్’ వచ్చింది. అమ్ముడుపోలేదు. జిరాకి కూడా అది నచ్చలేదు. ఆ దెబ్బతో సొంత లేబుల్, యంగ్ గాడ్ రికార్డ్స్, పెట్టుకున్నాడు.

1996 నాటి ‘సౌండ్‌ట్రాక్స్ ఫర్ ద బ్లైండ్’ రెండు సీడీలు, దాదాపు 140 నిమిషాలు. పాత టేపులు, జనం మాటల రికార్డింగులు, లైవ్ ముక్కలు, మళ్లీ మళ్లీ తిరిగే లూపులు, అన్నీ కుట్టిన బొంతలా ఉంటుంది. వాళ్ల పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మరుసటి ఏడాది చివరి టూరు చేసి, జిరా బ్యాండ్ మూసేశాడు. ఏంజెల్స్ ఆఫ్ లైట్ అనే ఇంకో బృందంతో మెత్తటి పాటలు చేసుకున్నాడు.

[తెర: 2010.]

పదమూడేళ్ల తర్వాత స్వాన్స్‌ను మళ్లీ లేపాడు. పాత పాటలు వాయించి డబ్బు చేసుకునే రకం రీయూనియన్ కాదిది. జార్బో లేదు. 1983 నుంచి ఉన్న గిటారిస్ట్ నార్మన్ వెస్ట్‌బర్గ్ వచ్చాడు. ల్యాప్ స్టీల్ గిటార్ మీద క్రిస్టోఫ్ హాన్, బేస్ మీద క్రిస్టఫర్ ప్రావ్డికా, డ్రమ్స్ మీద ఫిల్ పులియో, గంటలు, గాంగులు, ఇంకా చేతికి దొరికినవన్నీ వాయించే థోర్ హారిస్. మొదట్లో మనం చూసిన గాంగ్ మనిషి ఇతనే.

జిరాతో కలిపి ఈ ఆరుగురి పని పద్ధతే ఈ వీడియో చేయడానికి అసలు కారణం.

మామూలుగా ఏ బ్యాండ్ అయినా ముందు ఆల్బమ్ చేస్తుంది, తర్వాత ఆ పాటలతో ఊరూరా తిరుగుతుంది. జనం వచ్చేది తెలిసిన పాటలు వినడానికి. వీళ్లు తిరగేశారు. పూర్తికాని పాటను స్టేజి మీదికి తెచ్చేవాళ్లు. ఒక రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్క, రెండు ముక్కల సాహిత్యం, అంతే. దాన్ని రాత్రి తర్వాత రాత్రి సాగదీస్తూ, పిసుకుతూ, పనికిరానిది వదిలేస్తూ వెళ్లేవాళ్లు. జనం ముందే ముడిసరుకు పాటయ్యేది.

2012లో ‘ద సీర్’ వచ్చింది. దాని టైటిల్ పాటే 32 నిమిషాలు. టూర్‌లో ఆ పాట చివర ఒక కొత్త తోక మొలిచింది. ఆ తోక పెరిగి పెరిగి వేరే పాటైంది. 2013లో వచ్చిన లైవ్ ఆల్బమ్‌లో తల్లి పాట, పిల్ల పాట ఇంకా అతుక్కునే ఉంటాయి, ఒకే ముక్కగా. 2014లో ‘టు బి కైండ్’ వచ్చేసరికి పిల్ల పాట విడిపోయింది, అదొక్కటే 34 నిమిషాలు. హైతీ బానిసల తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవెర్చూర్ పేరు అందులో ఉంటుంది, గుర్రాల సకిలింపులు కూడా వినిపిస్తాయి. టెక్సస్‌లో ఎడారి పక్కన ఉన్న సోనిక్ రాంచ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఇంత మొండి సంగీతం అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి 40 స్థానాల్లోకి వెళ్లింది.

డబ్బు ఎక్కడిదంటారా? ఆ 2013 లైవ్ ఆల్బమే. కొద్ది కాపీలు, చేత్తో తయారుచేసిన కవర్లు. అవి అభిమానులకి అమ్మి, వచ్చిన డబ్బుతో స్టూడియో ఖర్చు పెట్టుకున్నారు. అంతకుముందూ, ఆ తర్వాతా ఇదే ఏర్పాటు. స్టేజి మీద పెరిగిన పాట, స్టూడియోకి దారి ఖర్చు కూడా తనే సంపాదించుకుంది.

[తెర: చేతులు గాల్లోకి ఎత్తిన మనిషి నీడ. దాని వెనక డ్రమ్స్.]

హాల్లో ఉంటే కళ్లు జిరా చేతుల మీదే ఉంటాయి. గిటార్ భుజాన వేలాడుతుంటుంది, చేతులు గాల్లో. ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు కోయాలి, ఎన్నిసార్లు తిప్పాలి, ముందుగా లెక్క ఏమీ ఉండదు. అతను చెయ్యి విసిరితే అయిదుగురూ ఒకేసారి పడతారు. ఒక రాత్రి ఎనిమిదిసార్లు తిరిగిన ముక్క ఇంకో రాత్రి ముప్పైసార్లు తిరగచ్చు. అందుకే ఒకే టూర్‌లో రెండు షోలు చూసేవాళ్లు ఉంటారు. చివర్లో అందరూ స్టేజి ముందుకు వచ్చి, నాటకం వాళ్లలా వరసగా నిలబడి వంగి దండం పెడతారు.

చెవుల గురించి ఒక మాట, ఇది సరదాగా చెప్పడం లేదు. వినికిడి నిపుణులు వాడే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలు ఉండచ్చు. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంటే. ఇక్కడ ఒక్క పాటే అరగంట. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోకుండా వెళ్లడం వీరత్వమేం కాదు. ఫోమ్‌వి పై స్వరాలను ఎక్కువ మింగేస్తాయి. సంగీతకారుల కోసం చేసినవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, పైన తేలే స్వరాలు కూడా అందుతాయి. బేస్ ఎలాగూ ఒంట్లోంచి వస్తుంది.

2016లో ‘ద గ్లోయింగ్ మ్యాన్’ వచ్చింది. అప్పటికి ఈ పద్ధతి కూడా కాస్త అలవాటైపోయింది. పాట ఎక్కడ ఉప్పొంగుతుందో ముందే తెలిసిపోయేది. అది జిరాకి కూడా తెలిసినట్టే ఉంది, 2017లో ఆ జట్టును ముగించాడు. 2019 ఆల్బమ్‌కి పాటకో జట్టు అన్నట్టు మనుషులను మార్చాడు. 2023లో ‘ద బెగ్గర్’ టూర్‌లో కుర్చీలో కూర్చునే షో నడిపించాడు. 2025లో ‘బర్తింగ్’ వచ్చింది. ఏడు పాటలు, రెండు గంటలకు కాస్త తక్కువ. ఇంత భారీ శబ్దంతో చేసే పని దీంతో సరి, ఇకపై చిన్నగా చేస్తానని ప్రకటించాడు. ఇప్పుడతనికి డెబ్బై దాటాయి.

[తెర: రెండు కవర్లు పక్కపక్కన. 1984, 1998.]

వినాలనిపిస్తే ఆ రెండు గంటల ఆల్బమ్‌లతో మొదలుపెట్టకండి, నాలాగే ఆపేస్తారు. ‘ఐ క్రాల్డ్’ అనే పాట తీసుకోండి. 1984 రికార్డులో జిరా పాడాడు. బరువు కింద నలిగిపోతున్న మగ గొంతు. తర్వాత 1998లో వచ్చిన లైవ్ ఆల్బమ్ ‘స్వాన్స్ ఆర్ డెడ్’లో అదే పాట వెతకండి. అవే మాటలు, పాడేది జార్బో. మొదట చిన్నపిల్లలా మొదలుపెడుతుంది. పాట సగానికి వచ్చేసరికి ఆ గొంతు ఏమవుతుందో నేను చెప్పను. ఇంట్లో ఎవరైనా నిద్రపోతుంటే తలుపు వేసుకుని వినండి.

[శబ్దం: ఒకే స్వరం, సన్నగా. తెర నల్లబడుతుంది. స్వరం ఇంకో పది సెకన్లు.]