ఫుట్‌పాత్ బతుకుల్లో సుఖం ఎంత? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. నిరాశ్రయుల షెల్టర్ల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనం, ఉచితాల వల్ల జనం పనికి ముందుకు రావడం లేదని వ్యాఖ్యానించింది. ఆ రగడ మీదే చర్చ. అందరికీ సమాన సమయం ఇస్తాం. ప్రొఫెసర్ గారూ, ఫుట్‌పాత్ వాళ్లు హ్యాపీ అని కోల్‌కతా సర్వేలో తేలిందట కదా?

ప్రొఫెసర్: అలా తేలలేదండీ. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్ డీనర్, ఆయన కొడుకు రాబర్ట్ కలిసి 2001లో ప్రచురించిన అధ్యయనం అది. మురికివాడల వాళ్లు, సెక్స్ వర్కర్లు, ఫుట్‌పాత్ వాళ్లు, మొత్తం 83 మంది. జీవితం మొత్తం ఎలా ఉందంటే అంతంత మాత్రమే అన్నారు. కుటుంబం, స్నేహితుల సంగతి అడిగితే తృప్తి కనిపించింది...

యాంకర్: అంటే హ్యాపీయే!

ప్రొఫెసర్: కాదు, నేననేది...

వ్యాపారుల సంఘం నేత: నేను చెప్తా సార్. రోజూ షట్టర్ తీసేది నేను. మెట్ల మీద పడుకుని ఉంటారు. లేపితే నాకే ఎదురు తిట్లు! పనిస్తానంటే రారు. కారణం ఒకటే, మందు. ఐదు రూపాయలకు భోజనం పెడితే ఎవడు పని చేస్తాడు?

షెల్టర్ నిర్వాహకురాలు: ఐదు రూపాయల భోజనం క్యూలో హాస్టల్ పిల్లలూ ఆటోవాళ్లూ ఉంటారు సార్. వాళ్లూ పని మానేశారా? మా దగ్గర పడుకునేవాళ్లలో చాలామందిది క్యాటరింగ్ పని. పెళ్లిలో గిన్నెలు కడిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుంటారు. చెప్పులు తల కింద...

వ్యాపారుల సంఘం నేత: సెంటిమెంట్ వద్దమ్మా! ఉచిత బస్సు చూడండి...

(ఇక్కడి నుంచి చాలాసేపు ఉచిత బస్సు మీదే గొడవ. నిరాశ్రయుల ఊసే లేదు.)

యాంకర్: మళ్లీ పాయింటుకు వద్దాం. వాళ్లు హ్యాపీనా, కాదా?

ప్రొఫెసర్: తర్వాత అమెరికాలో ఇళ్లు లేనివాళ్లతోనూ పోల్చారు. కోల్‌కతా వాళ్లే కాస్త నయం అని తేలింది...

యాంకర్: బ్రేకింగ్ పాయింట్! అమెరికా వాళ్లకన్నా మనవాళ్లే హ్యాపీ!

ప్రొఫెసర్: పూర్తి చేయనివ్వండి. ఇక్కడ పక్కన భార్యాపిల్లలో, తోటివాళ్లో ఉంటారు. అక్కడ ఒంటరి. ఇల్లు లేకపోయినా సుఖమే అని దానర్థం కాదు.

వ్యాపారుల సంఘం నేత: సుఖంగా ఉన్నారని మీరే చెప్తున్నారుగా! 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు హైదరాబాద్ సిటీ ఎంత శుభ్రంగా ఉంది? రోజూ అలా ఎందుకు ఉంచరు?

షెల్టర్ నిర్వాహకురాలు: అప్పుడు బిచ్చగాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అదా శుభ్రం? పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని కోర్టే చెప్పింది. ముందు అవి లెక్కపెట్టండి. నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ముందు రాత్రి పడుకునేది తాగుబోతులు కాదు, లోపల పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు. ఊరి నుంచి వస్తారు, లాడ్జికి డబ్బుండదు.

వ్యాపారుల సంఘం నేత: వాళ్లు వేరు, వీళ్లు వేరు.

షెల్టర్ నిర్వాహకురాలు: ఫుట్‌పాత్ మాత్రం ఒకటే సార్...

(ముగ్గురూ ఒకేసారి. వ్యాపారుల నేత గొంతే పైన వినిపిస్తుంది.)

యాంకర్: మేడమ్, టైమ్ అయిపోయింది. సార్, ముగింపుగా మీరొక మాట.

వ్యాపారుల సంఘం నేత: ఒకటి కాదు, మూడు మాటలున్నాయి. మొదటిది, మందు...

యాంకర్: బ్రేక్ తర్వాత వినేద్దాం!