విజువల్ ఎఫెక్ట్స్ రాకపోతే తప్పు ఎప్పుడూ కార్డుదేనా?

అందరికీ నమస్కారం.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాక విండోలు తడబడుతూ కదిలినా, పారదర్శకత కనిపించకపోయినా వెంటనే వినిపించే సలహా ఒకటే: "గ్రాఫిక్స్ కార్డు పాతది, మార్చేయండి." కొన్నిసార్లు అది నిజమే. కానీ కార్డులో లోపమేమీ లేకుండా, దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ దగ్గరే పని ఆగిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ తేడా తెలియక పనికొచ్చే మెషీన్లను మూలన పడేస్తున్నాం. నా బాధంతా దాని గురించే.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ప్రతి ప్రోగ్రామూ తన విండోను నేరుగా స్క్రీన్ మీదే గీసేది. పైనున్న విండోను జరిపితే, కింద బయటపడ్డ భాగాన్ని ఆ కింది ప్రోగ్రామే మళ్లీ గీయాలి. అది హ్యాంగ్ అయి ఉంటే, జరిపిన విండో జాడలు స్క్రీన్ నిండా మిగిలిపోయేవి. మీలో చాలామందికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టాలో, ఏరో (విండో అంచులను అద్దంలా పారదర్శకంగా చూపించే రూపం) నడిచే చోట ఈ పద్ధతి మారింది. ప్రతి విండో బొమ్మా విడిగా మెమరీలో తయారవుతుంది. డెస్క్‌టాప్ విండో మేనేజర్ అనే విండోస్ భాగం వాటన్నిటినీ గ్రాఫిక్స్ కార్డు చేత ఒకదానిమీద ఒకటి పేర్పించి మనకు చూపిస్తుంది. ఆపిల్ ఈ పనిని అంతకు ముందే, 2002లో, మ్యాక్ ఓఎస్ 10.2తో కార్డుకు అప్పగించింది.

ఇక్కడే మెమరీ లెక్క వస్తుంది. 1280×1024 స్క్రీన్‌లో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, నిండుగా తెరిచిన ఒక్క విండోకే 5 ఎంబీ కావాలి. పది విండోలు తెరిస్తే 50. అందుకే ఏరోకు ఆ రిజల్యూషన్ వరకు 64 ఎంబీ, 1920×1200 వరకు 128, ఆపైన 256 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ ఉండాలన్నారు. 4కే మానిటర్‌లో అదే విండోకు దాదాపు 33 ఎంబీ పడుతుంది. ఇక ఏరో అద్దం వెనక కనిపించే మసక కోసం ప్రతి పిక్సెల్‌కూ దాని చుట్టుపక్కల పిక్సెళ్లను చదివి కలపాలి. దానికి పిక్సెల్ రంగులను లెక్కకట్టే పిక్సెల్ షేడర్ 2.0 సామర్థ్యం కార్డులోనే ఉండాలి.

ఇవన్నీ ఉన్నా సరిపోదు. విస్టాతో వచ్చిన కొత్త డ్రైవర్ మోడల్ (డ్రైవర్ ఎలా ఉండాలో చెప్పే పద్ధతి) డబ్ల్యూడీడీఎంకు తగినట్టు రాసిన డ్రైవర్ కూడా కావాలి. ఇంటెల్ 915 చిప్‌సెట్‌లోని గ్రాఫిక్స్‌కు పిక్సెల్ షేడర్ 2.0 వచ్చు. కానీ ఆ డ్రైవర్ మాత్రం రాలేదు. దాంతో ఏరో లేదు. అయినా ఆ చిప్ ఉన్న కంప్యూటర్లను "విస్టా కేపబుల్" స్టిక్కర్ అంటించి అమ్మారు. అమెరికాలో 2007లో దీనిమీద మైక్రోసాఫ్ట్‌పై దావా పడింది. కోర్టు 2008లో దాన్ని కొనుగోలుదారులందరి తరఫు దావాగా ఒప్పుకుని, 2009లో ఆ హోదా తీసేసింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, స్టిక్కర్ నమ్మి కొన్నవాళ్లకు జరిగింది అన్యాయమనే నేనంటాను. ఏ ఎఫెక్ట్ రాదో కొనేముందే చెప్పి ఉండాల్సింది.

2012లో వచ్చిన విండోస్ 8 ఆ అద్దాన్ని తీసేసింది గానీ పేర్చే పద్ధతిని శాశ్వతం చేసింది. సరైన డ్రైవర్ లేకపోతే ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఇది మంచి ఏర్పాటే, కాకపోతే ఒక చిక్కు ఉంది. విస్టాలో అద్దం రాకపోతే ఏదో లోపం ఉందని తెలిసేది. ఇప్పుడు అన్నీ కనిపిస్తాయి, కానీ నెమ్మదిగా. డ్రైవర్ లేదన్న అనుమానమే రాదు.

కాబట్టి కార్డు కొనేముందు రన్ బాక్స్‌లో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని ఇంగ్లీషులో టైప్ చేసి, డిస్‌ప్లే ట్యాబ్ చూడండి. అక్కడ మీ కార్డు పేరు కాకుండా "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే కావలసింది డ్రైవరే. కార్డు పేరే ఉంటే డ్రైవర్ మోడల్ వెర్షన్ చూడండి. విండోస్ 11కు డైరెక్ట్ఎక్స్ 12 (ప్రోగ్రాములు గ్రాఫిక్స్ కార్డును వాడుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) మద్దతుతో పాటు డబ్ల్యూడీడీఎం 2.0 ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ సేవర్ (కొత్త విండోస్ 11లో ఎనర్జీ సేవర్) కూడా ఒకసారి ఆపి చూడండి, అది ఆన్‌లో ఉంటే పారదర్శకత దానంతటదే ఆగిపోతుంది. కార్డు తయారీదారు డ్రైవర్లు ఇవ్వడం మానేసినా తొందరపడకండి. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఓపెన్ సోర్స్ డ్రైవర్లు దాని మూలభాగమైన కెర్నల్‌తోనే వస్తాయి కాబట్టి చాలా పాత కార్డుల మీద కూడా డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ ఇప్పటికీ నడుస్తున్నాయి. లినక్స్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా, ఒక పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి చూస్తే మీ కార్డు సత్తా ఎంతో అక్కడే తేలిపోతుంది.