‘ఎల్ క్లబ్’: తెర ఎందుకంత మసకగా ఉంటుంది?

[తెర: సముద్రపు ఒడ్డు. పొద్దు గూకే వేళ. ఒక పెద్దాయన వేటకుక్కను గుండ్రంగా పరుగెత్తిస్తుంటాడు]

వాయిస్: పది నిమిషాలు చూడగానే టీవీ బ్రైట్‌నెస్ పెంచాలనిపిస్తుంది. పెంచకండి. ఆ మసక కావాలని పెట్టిందే.

2015లో వచ్చిన చిలీ సినిమా ఇది. దర్శకుడు పాబ్లో లరాయిన్, ఛాయాగ్రాహకుడు సెర్జియో ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో జ్యూరీ గ్రాండ్ ప్రైజ్ వచ్చింది. కథ మొదలవకముందే తెర మీద బైబిల్‌లోని ఆదికాండం 1:4 పడుతుంది: దేవుడు వెలుగును చీకటి నుంచి వేరు చేశాడని. ఆ తర్వాత 98 నిమిషాల్లో ఆ రెండూ వేరుపడిన చోటు వెతికినా దొరకదు.

[తెర: కొండ మీది ఇల్లు]

లా బోకా అనే తీరపు ఊరు. అక్కడ శ్రీసభ (క్యాథలిక్ చర్చి) దాచిపెట్టిన నలుగురు గురువులు, అంటే ఫాదర్లు, వాళ్లను చూసుకునే సిస్టర్ మోనికా. అందరి తప్పూ ఒకటి కాదు. విదాల్ మీద లైంగిక నేరాల మచ్చ. ఒర్తేగా పేద తల్లుల బిడ్డల్ని తీసి వేరేవాళ్లకు ఇచ్చినవాడు. సిల్వా సైన్యంలో గురువు, చిలీ సైనిక నియంతృత్వ కాలపు రహస్యాలు తెలిసినవాడు. రమీరెజ్ మతిమరుపుతో ఉన్నాడు. ఆయన్ని ఎందుకు పంపారో ఇప్పుడు చెప్పగలిగేవాళ్లే లేరు!

ఇంటికి కాపలా లేదు. నిబంధనలే గోడ. ప్రార్థన, దివ్యబలిపూజ (మాస్), భోజనం అన్నీ వేళ ప్రకారం. ఊళ్లోకి వెళ్లాలంటే చెప్పిన గంటల్లోనే, జనంతో మాటామంతీ కూడదు. వాళ్లు పందేల కోసం ఒక వేటకుక్కను పెంచుతుంటారు. పందెం నాడు మోనికాయే దాన్ని తీసుకెళ్తుంది. గురువులు దూరంగా నిలబడి బైనాక్యులర్లలో చూస్తారు. ప్రాయశ్చిత్తం పేరుతో నడిచేది రిటైర్మెంటు ఇల్లే అని ఈ ఒక్క సన్నివేశంతో తేలిపోతుంది.

[తెర: కిటికీకి ఎదురుగా పెట్టిన కెమెరా]

ఇక లెన్సుల సంగతి. వాడినవి సోవియట్ కాలపు అనమార్ఫిక్ లెన్సులు. ఇవి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి రికార్డు చేస్తాయి, తర్వాత దాన్ని సాగదీస్తారు. పాత లెన్సుల మీది పూత ఇప్పటి వాటంత పకడ్బందీగా ఉండదు. ఎదురుగా కిటికీ ఉంటే లోపలికొచ్చిన వెలుగు అద్దాల మధ్య చెల్లాచెదురై నల్లని చోట్లను కూడా బూడిదరంగు చేస్తుంది. ముఖానికి సరిపోయేలా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు మోతాదు) పెడితే కిటికీ తెల్లబోతుంది, కిటికీకి పెడితే ముఖం నల్లబడుతుంది. మామూలు చిత్రీకరణలో దీన్ని లోపం అంటారు, లైట్లు పెట్టి సరిచేస్తారు. ఇక్కడ అలాగే వదిలేశారు. కెమెరాను ముఖానికి బాగా దగ్గరగా పెట్టడంతో ముక్కూ నుదురూ కాస్త ఉబ్బి కనిపిస్తాయి, అంచులు కరిగిపోతాయి.

దీని ఫలితం విచారణ సన్నివేశాల్లో తెలుస్తుంది.

[తెర: ఇకనుంచి కథ బయటపడుతుంది]

కొత్తగా లజ్కానో అనే గురువు వస్తాడు. చిన్నప్పుడు అతని లైంగిక అకృత్యాలకు గురైన సాందోకాన్ ఇంటి ముందు నిలబడి, తనకు జరిగిందంతా దాపరికం లేకుండా అరిచి చెబుతాడు. బెదిరించి పంపమని లోపలివాళ్లు లజ్కానో చేతికి తుపాకీ ఇస్తారు. అతను బయటికెళ్లి తననే కాల్చుకుంటాడు. అప్పుడు శ్రీసభ పైవాళ్లు పంపగా గార్సియా అనే గురువు దిగుతాడు, ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తాడు. అడిగేవాడి ముఖమూ జవాబిచ్చేవాడి ముఖమూ అదే మురికి వెలుగులో, అంతే దగ్గరగా కనిపిస్తాయి. న్యాయమూర్తికి ప్రత్యేకమైన కాంతి ఇవ్వకపోవడమే ఈ సినిమాలో అన్నిటికంటే గట్టి ఆరోపణ అని మా అభిప్రాయం.

ఇలాంటి శిక్ష కల్పన కాదు. ఫెర్నాందో కరదీమా అనే చిలీ గురువు బాలురపై అకృత్యాలు చేశాడని తేల్చిన వాటికన్, 2011లో అతనికి విధించింది ‘ప్రార్థన, ప్రాయశ్చిత్తాల జీవితం’. గురుత్వం (ఫాదర్ హోదా) నుంచి తొలగించింది 2018లో. అదే ఏడాది మే నెలలో చిలీ పీఠాధిపతులు (బిషప్‌లు) మూకుమ్మడిగా రాజీనామాలు పోప్ చేతిలో పెట్టారు. సినిమా అంతకు మూడేళ్ల ముందే వచ్చింది.

[తెర: రాత్రి, ఊరి వీధి]

చివర్లో ఊళ్లోని వేటకుక్కలు చస్తాయి. నింద సాందోకాన్ మీద పడేలా చూసింది ఈ ఇంటివాళ్లే. జనం అతన్ని చితకబాదుతారు. గార్సియా తీర్పు: ఇల్లు మూయడు, సాందోకాన్‌ను అందులోనే ఉంచుకుని సాకాలి. బయటికి ఒక్క మాటా పొక్కదు. ఇక రోజూ ఆ నలుగురూ అన్నం తినేది అతని ఎదుటే.