మూడు డ్రమ్ముల తకధిమి

వెనకాల ఆ చప్పుడు వినిపిస్తోంది కదండీ? మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ఇది. బయట బెంగళూరు జల్లు, అందుకే లోపల ప్రాక్టీసు. ఆగస్టు 15కి పిల్లల బ్యాండు. చిన్నప్పుడు టెక్సస్‌లో హైస్కూల్ మార్చింగ్ బ్యాండులో బేస్ డ్రమ్ మోశానని ఒకసారి లిఫ్టులో నోరు జారాను. అంతే, డ్రమ్ముల పని నా నెత్తిన పడింది.

మన స్కూలు బ్యాండుల్లో మామూలుగా పెద్ద డ్రమ్ము ఒకటే, అడుగుకో దెబ్బ. అక్కడ మా లైన్లో ఐదుగురం. ఐదు సైజులు, ఐదు శ్రుతులు. ఒకే వరసని ముక్కలు చేసి తలా కొన్ని దెబ్బలు ఇస్తారు, స్ప్లిట్ అంటారు దాన్ని. నాది నాలుగో డ్రమ్ము. ఇంట్లో నా ముక్క ఒక్కటే వాయిస్తుంటే మా అమ్మ, "దీనికోసమేనా చీకటి పడేదాకా అక్కడుంటావు?" అనేది.

ఇక్కడ దొరికినవి మూడే. 18, 22, 26 అంగుళాలవి. చిన్నదాన్ని బాగా బిగించాం, పెద్దదాన్ని వదులు చేశాం. శ్రుతులు దగ్గరగా ఉంటే స్ప్లిట్ రాసినా ఒకడే వాయిస్తున్నట్టుంటుంది మరి. తర్వాత నేనో తెలివితక్కువ పని చేశా. పాత ఐదుగురి పార్టులో ఇద్దరివి తీసేసి మిగిలింది పిల్లలకిచ్చా. పళ్ళూడిన దువ్వెనలా వచ్చింది.

ఆ రాత్రి అంట్లు తోముతుంటే తట్టింది. మూడంటే తకిట కదా! త చిన్నది, కి మధ్యది, ట పెద్దది. నడకేమో తకధిమి, అడుగుకి నాలుగు. తకిటని అలా తిప్పుతూ పోతే మొదటి అడుగు చిన్న డ్రమ్ము మీద, రెండోది మధ్యదాని మీద, మూడోది పెద్దదాని మీద పడతాయి. మూడడుగులకి పన్నెండు దెబ్బలు, తలా నాలుగు. నాలుగో అడుగు ముగ్గురూ కలిసి 'ధాం'. గిన్నెలు వదిలేసి తడి చేత్తోనే రాసుకున్నా.

రాయడం తేలిక, నడవడమే కష్టం. చెయ్యి మూడింటికోసారి, కాలు నాలుగింటికోసారి. నేను లెక్కలు చెప్తుంటే పెద్ద డ్రమ్ము మోసేవాడు, "అక్కా, లెక్కపెడితే కాలు తప్పుతోంది" అన్నాడు. నిజమే. డ్రమ్ములు దింపించేశా. నోటితో తకధిమి అంటూ నడవడం, ఎవరి దెబ్బకి వాళ్ళు చప్పట్లు కొట్టడం. పక్కవాడి దెబ్బ వినగానే నీది, అంతే లెక్క. చిన్న డ్రమ్ము వాడిది మైసూరు, తెలుగు రాదు. తకధిమికి అక్కర్లేదు కూడా. మధ్య డ్రమ్ము పాప మృదంగం నేర్చుకుంటోంది, ఒక్క సాయంత్రంలో పట్టేసింది.

ఇక వేగం. నిమిషానికి 120 అడుగులంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకనులో ఎనిమిదో వంతే. ఈ సెల్లార్ మోతలో అదంతా కిచిడీ. 96కి దించి, పెద్ద డ్రమ్ములో పాత తువ్వాలు కుక్కా. ఈ తకిట తిప్పుడు కూడా నాలుగు ఆవర్తాలకి ఒక్కసారే, ఆవర్తమంటే నాలుగడుగుల చుట్టు. మిగతా మూడూ అడుగుకో దెబ్బ, అందరూ కలిసి. అస్తమానం స్ప్లిట్లే అయితే ఎవరి చెవికీ ఆనవు.

నిన్న నాలుగుసార్లు తిప్పితే మూడుసార్లు ధాం కలిసింది. నాలుగోసారి మైసూరువాడు తుమ్మాడు. ఇదిగో, మళ్ళీ నిలబడ్డారు. కెమెరా అటు తిప్పుతున్నా, ఉండండి.