మోటారుకు ఎండ సంగతి ఎవరు చెబుతారు?

(ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

కంప్యూటర్స్ వాళ్లు ఎడమవైపు, ఎలక్ట్రికల్ వాళ్లు కుడివైపు కూర్చున్నారు. మధ్యలో పెళ్లి పందిట్లో లాగా బాట వదిలారు. వెళ్లేలోపు మీలో నలుగురైనా అటు నుంచి ఇటు మారి కూర్చుంటే నా బస్సు ఖర్చులు గిట్టినట్టే. ఎందుకంటే పొలంలోని నీళ్ల మోటారు ఎండను బట్టి, గ్రిడ్‌ను బట్టి నడవాలంటే మీ రెండు వైపులూ కలవాలి. ఈ రోజు నా మాట దాని గురించే.

నేను లోడ్ డిస్పాచ్ కేంద్రంలో, అంటే ఎక్కడ ఎంత కరెంటు పుట్టాలో, ఎటు పంపాలో చూసే చోట పనిచేసి రిటైరయ్యాను. ఆ గదిలో గోడ మీద ఎర్ర అంకెలు వెలుగుతూ ఉంటాయి. 49.98, 50.01, 49.96... గ్రిడ్ ఫ్రీక్వెన్సీ అది, అంటే దేశమంతా అల్లుకున్న విద్యుత్ తీగల వలలో కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే అంకె. 50 దగ్గర ఉండాలి. ఒకే కాడికి కట్టిన ఎడ్లను ఊహించుకోండి. బండి ఎత్తు ఎక్కుతుంటే అన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి, పల్లంలో దిగుతుంటే అన్నీ ఒకేసారి వేగం అందుకుంటాయి. దేశంలోని జనరేటర్లన్నీ అలాంటి ఎడ్లే. వాడకం పెరిగితే ఫ్రీక్వెన్సీ 50 కంటే కిందికి జారుతుంది, తగ్గితే పైకి లేస్తుంది. 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. మీ హాస్టల్ గది ప్లగ్గులోకీ ఆ అంకే వస్తుంది. తీగ వెంటే వస్తున్న ఈ వార్తను వినేవాళ్లే తక్కువ. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

2012 జులై 30 తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పోయాయి. 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతమది. మన దగ్గర దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మన గొప్పేమీ కాదు, అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు, అంతే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో కలిసింది. ఆ తర్వాత నుంచి కాశ్మీరులో ఎద్దు తూలితే కడపలో కాడి కదులుతుంది.

అంత పెద్ద బండిని తోలాలంటే చూపు చురుగ్గా ఉండాలి. మా పాత పద్ధతిలో సబ్‌స్టేషన్ల సమాచారం కొన్ని సెకన్లకు ఒకసారి వచ్చేది. ఇప్పుడు ఫేజర్ కొలత యూనిట్లు, అంటే లైనులో కరెంటు, వోల్టేజీ అలల తీరును కొలిచే పరికరాలు, ఉపగ్రహ గడియారంతో సమయం సరిచూసుకుని, సెకనుకు 25 సార్లు రీడింగు పంపుతాయి. వాటిని 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో రూపొందించిన బృందానికి ఆద్యుడు అరుణ్ ఫడ్కే, మన ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివినవారే.

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పింది, గుర్తుందా? మీరు అప్పటికి చిన్నపిల్లలు. అరగంటలోపే సుమారు 31 వేల మెగావాట్ల వాడకం పడిపోయింది. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 మధ్య ఊగింది. గ్రిడ్ నిలబడింది. భారమంతా ఎక్కువగా జలవిద్యుత్ కేంద్రాలే మోశాయి. ముందే తెలిసిన కుదుపు కాబట్టి ఏ కేంద్రం ఏ నిమిషంలో ఎంత తగ్గాలో రాసిపెట్టుకోగలిగారు.

ఇదంతా పైఅంతస్తు. కింద చివరి స్తంభం దగ్గర ఎవరున్నారు? లైన్‌మన్, ఆయన జేబులో సెల్‌ఫోను.

ఆ స్తంభం కింద స్టార్టర్ డబ్బా ఉంటుంది. అందులో ఆటో స్టార్టర్. కరెంటు రాగానే దానంతట అదే మోటారును నడిపిస్తుంది. అర్ధరాత్రి పొలానికి వెళ్లి పాము కాటుకో, కరెంటు షాకుకో ప్రాణం పోగొట్టుకున్న రైతుల సంగతి తెలిసినవాడెవడూ దాన్ని తప్పుపట్టడు. కానీ అది గుడ్డిది. ఫీడరుకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైనుకు, కరెంటు ఇచ్చిన క్షణంలో వందల మోటార్లు ఒక్కసారే లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, పంట ఎండుతుంది, లైన్‌మన్ తిట్లు తింటాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు ఉంటే మోటారు ఆగకుండా తోడి భూగర్భ జలం హరిస్తుందని, వాటిని తీసేయమని రైతులను బతిమాలారు. తీసేయమనడం కంటే దానికి నాలుగు మాటలు నేర్పడం మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే లెక్క మారింది. పాత రోజుల్లో వాడకాన్ని బట్టి బొగ్గు తగలబెట్టేవాళ్లం. ఎండ మన మాట వినదు కదా. గని, శకునాల అనే గ్రామాల దగ్గరి కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లు. 5 హార్స్‌పవర్ అంటే సుమారు 3.7 కిలోవాట్లు, నష్టాలు వదిలేసి లెక్క వేద్దాం. అంటే ఆ పార్కు మిట్టమధ్యాహ్నం పూర్తిగా పనిచేస్తే 2 లక్షల 70 వేల మోటార్లు నడుస్తాయి. మబ్బు పట్టిందా, వాటిని కాసేపు ఆపితే వరి మడికి ఏమీ కాదు. ఐసీయూకు అలా చెప్పలేం, మడికి చెప్పగలం. మడిలో నిలిచిన నీళ్లే మన బ్యాటరీ.

మరి చెప్పడమెలా? అందరూ కృత్రిమ మేధ అంటారు. నేను ఎస్ఎమ్ఎస్ అంటాను. విద్యుత్ షెడ్యూలులో రోజుకు 96 గడులు, ఒక్కోటి 15 నిమిషాలు. ఒక్కో గడికి నడువు, ఆగు అని చెప్పడానికి ఒక బిట్ చాలు. మొత్తం 96 బిట్లు, ఎనిమిదింటికి ఒక బైట్ చొప్పున 12 బైట్లు. ఒక ఎస్ఎమ్ఎస్‌లో 140 బైట్లు పడతాయి! ఎండ అంచనా వేయడానికి పెద్ద కంప్యూటర్లు కావాలి, కాదనను. దాన్ని పొలానికి చేర్చడానికి అక్కర్లేదు.

అన్నీ ఒక్కసారే లేవకుండా ఉండే విద్య ఎడమవైపు వాళ్లకు తెలుసు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. దీవుల్లోని కంప్యూటర్ టెర్మినళ్లు ఒకే రేడియో ఛానల్‌లో మాట్లాడాలి. రెండు ఒకేసారి మాట్లాడి గుద్దుకుంటే, ఒక్కోటి ఇష్టమొచ్చినన్ని క్షణాలు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. మీ వైఫైలో ఇప్పటికీ ఆ సూత్రమే ఉంది. స్టార్టర్ డబ్బాకు అదే పెట్టండి. కరెంటు వచ్చాక పాచిక వేసి, ఎన్ని సెకన్లు పడితే అన్ని సెకన్లు ఆగమనండి.

ఇక రైతు ఒప్పుకోవడం. స్టార్టరుకు ఏది తగిలించినా మీటరేమో అంటారు. మీటరు అనగానే బిల్లు వస్తుందన్న భయం ఉంది, దాన్ని అజ్ఞానం అనకండి. గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో రైతులు సోలార్ పంపులతో సహకార సంఘం పెట్టుకున్నారు. తోడగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముతారు. అక్కడ మీటరు రైతు వైపు తిరుగుతుంది. నీళ్లు వృథాగా తోడితే అమ్మే కరెంటు తగ్గుతుంది కాబట్టి పొదుపును ఎవరూ బోధించనక్కర్లేదు. సమాచారం ఎవరి జేబు నింపుతుందో రైతుకు మనకన్నా ముందే అర్థమవుతుంది.

డేటా సెంటర్ల గురించి, అంటే కరెంటు విపరీతంగా తాగే కంప్యూటర్ల భవనాల గురించి అడుగుతారని తెలుసు. విశాఖలో గూగుల్ గిగావాట్ (వెయ్యి మెగావాట్ల) స్థాయి కేంద్రం ప్రకటించింది. దాన్నీ నేను మోటారు లాగే చూస్తాను. వాయిదా వేయదగిన పని ఎంతుంది, దాన్ని ఎండవేళకు జరపగలరా అన్నదే నా ప్రశ్న. జరపవచ్చని ఆ సంస్థే 2020లో చేసి చూపింది. మడి చేసే పని ఆ భవనం చేయనంటే ఊరుకోకూడదు.

సిగ్నల్ లేని పొలం మాటేమిటి? అందుకే ఆ ఎర్ర అంకెలను గుర్తుపెట్టుకోమన్నాను. సిమ్ లేకపోయినా ఫ్రీక్వెన్సీ తీగలో వస్తూనే ఉంటుంది. 49.90 కంటే దిగితే కాసేపు ఆగే స్టార్టరుకు ఒక చిన్న మైక్రోకంట్రోలర్, అంటే ప్రోగ్రామ్ రాసిపెట్టే చిప్పు, చాలు. వోల్టేజీ కూడా చూసుకుంటే మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ అలసట సైతం తెలుస్తుంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ఎవరైనా చేయండి. మా పొలంలో 5 హార్స్‌పవర్ మోటారు ఉంది, మొదట దాని మీదే పెట్టి చూడండి. కాలిపోతే రీవైండింగ్ ఖర్చు నాది.