మన మీటరుకు ముద్ర ఎవరు వేస్తారు?

వేదిక మీది పెద్దలకు, ఇవాళ సర్టిఫికెట్లు అందుకోబోతున్న పిల్లలకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను ఇన్వర్టర్ల భవిష్యత్తు గురించి మాట్లాడమన్నారు. తప్పకుండా మాట్లాడతాను. దానికి ముందు ఒక్క మాట. మీ అందరి సంచుల్లోనూ వోల్టేజీ కొలిచే పసుపుపచ్చ మల్టీమీటరు ఉంది కదా, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నది, డీటీ-830 రకం? దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టుకోండి. ఎందుకో చెప్తాను.

నేను పని మొదలుపెట్టిన కొత్తలో నల్లకుంటలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో ఇన్వర్టర్ పెట్టాను. అమ్మగారికి ఆస్తమా. ఎండాకాలం రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఆవిడకి ఊపిరాడదు. మాస్టారు పెన్షన్ డబ్బుల్లోంచి కూడబెట్టి కొత్త బ్యాటరీ కొన్నారు. ఛార్జింగ్ వోల్టేజీ నేనే సెట్ చేశాను. నిండిన బ్యాటరీ మీద ఎప్పుడూ నిలబడి ఉండాల్సింది 13.7 వోల్టులు, అంతకు మించితే నీళ్ళు ఆవిరైపోతాయి. నా మీటరు చూసుకుంటూ స్క్రూ తిప్పి, సరిగ్గా 13.7 దగ్గర ఆపి, సంతోషంగా ఇంటికొచ్చాను.

మూడు వారాలకి ఫోన్. 'నీళ్ళు అయిపోతున్నాయి నాయనా' అన్నారు. వెళ్ళాను, కొలిచాను, 13.7. నీళ్ళు పోసి వచ్చాను. మళ్ళీ ఫోన్. మళ్ళీ 13.7. మూడోసారి వెళ్ళేసరికి బ్యాటరీ మూతల చుట్టూ తడి, లోపల అన్నం కుతకుత ఉడుకుతున్న చప్పుడు. ఆ చప్పుడు నా చెవులతో విన్నాను. యాసిడ్ వాసన ముక్కుకు తగిలింది. అయినా మీటరు మీద అంకె చూసి, బ్యాటరీలోనే లోపం ఉంది మాస్టారూ అన్నాను. నాలుగోసారి ఇంకో మెకానిక్ తన మీటరు పెట్టి చూస్తే 14.4! కొత్త బ్యాటరీ ఒక్క వేసవిలో ఎండి చచ్చింది. మాస్టారు ఒక్క మాట తిట్టలేదు. 'నువ్వు కొలిచే చెప్పావు కదా బాబూ' అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఈ చవక మీటర్లలో ఎక్కువగా ఉండేది 7106 రకం చిప్. అది వోల్టేజీని నేరుగా కొలవదు, తన దగ్గరున్న 100 మిల్లీవోల్టుల రిఫరెన్సుతో పోల్చి చెప్తుంది. కిరాణా కొట్టు త్రాసులో రాయి లాంటిది అది. ఆ 100ని సరిచేసేది లోపలుండే చిన్న ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవరుతో తిప్పే రెసిస్టర్. బండి డిక్కీలో కుదుపులకీ, దుమ్ముకీ, ఎండకీ అది కొంచెం జరిగి 100 కాస్తా 105 అయిందనుకోండి, అసలు 14.4 ఉన్నచోట మీటరు 13.7 అంటుంది. లెక్క వేసి చూడండి. నాకు జరిగింది అదే. పెట్టెలో వచ్చే కాగితం మీద ఖచ్చితత్వం అర శాతం అని ఉంటుంది, దాని పక్కనే ఏడాది వరకు, 18 నుంచి 28 డిగ్రీల్లో అని కూడా ఉంటుంది. మే నెలలో మన డిక్కీలో ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పాలా?

కిరాణా కొట్టు రాళ్ళకి తూనికలు కొలతల శాఖ గడువు ప్రకారం ముద్ర వేస్తుంది. మన మీటరుకి ఎవరు వేస్తున్నారు? దేశానికి వోల్టు ప్రమాణం నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. అక్కడికి లంకె ఉన్న ల్యాబుల్లో క్యాలిబ్రేషన్, అంటే ప్రమాణంతో సరిచూడటం, చేయించాలంటే మీటరు ధర కంటే ఫీజే ఎక్కువ. అందుకే ఎవరూ చేయించరు. కానీ ఆ అంకె నమ్మి జనం డబ్బు పోగొట్టుకుంటారు.

ఇదిగో, ఇది ఏడీ584 చిప్ బోర్డు. కచ్చితమైన 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తుంది. దీన్ని మంచి మీటరు పక్కన పెట్టి సరిచూసుకుని వచ్చాను. మొదటి వరుస, 20 వోల్టుల రేంజిలో పెట్టి ఒక్కొక్కరు 10 దగ్గర తాకించి గట్టిగా చదవండి.

10.03. బాగుంది. 9.86. పక్కన పెట్టు. 10.41? ఆ మీటరు ఇలా ఇవ్వు బాబూ. మూలన బ్యాటరీ గుర్తు కనిపిస్తోందా? ఇదిగో కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేస్తున్నాను. ఇప్పుడు చదువు. 10.02! చూశారా, లోపలి బ్యాటరీ బాగా దిగిపోతే రిఫరెన్సు కూడా పడిపోయి మీటరు ఎక్కువ చూపిస్తుంది. సగం చచ్చిన బ్యాటరీని కూడా నిండుగా ఉందంటుంది. అందుకే ప్రీసెట్ ముట్టుకునే ముందు కొత్త బ్యాటరీ వేయాలి.

9.86 అబ్బాయీ, నీది నిజంగానే ప్రీసెట్ కావచ్చు. వైర్లు రెండూ పీకేసి అప్పుడే వెనక మూత విప్పు. ఇది మరచిపోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. తిప్పేముందు 2 వోల్టుల రేంజిలో కొత్త పెన్సిల్ సెల్లు కూడా చూసి మంచి మీటరుతో పోల్చు. రెండు రేంజులూ ఒకే శాతం తక్కువ చూపిస్తే తప్పు ప్రీసెట్‌ది. ఒక్క రేంజే తప్పితే రెసిస్టర్లదో, నాబు కింద మురికిదో. అలాంటప్పుడు ప్రీసెట్ తిప్పావంటే బాగున్న రేంజు కూడా పాడవుతుంది. తిప్పాల్సి వస్తే వెంట్రుకవాసి తిప్పి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ చూడు. కుదిరాక నెయిల్ పాలిష్ చుక్క పెట్టు, కుదుపులకి జరగదు. మూత మీద తేదీ రాయి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఇన్వర్టర్ల భవిష్యత్తు ఇంకో రోజు మాట్లాడతాను, క్షమించాలి. చిన్న స్క్రూడ్రైవరు, నాలుగు కొత్త బ్యాటరీలు నా దగ్గరున్నాయి. బోర్డు ఈ బల్ల మీదే ఉంటుంది. టీ తాగి రెండో వరుస నుంచి రండి.