వేసవిలో ఇంటి చల్లదనం: ఖర్చు ఎక్కడ మొదలుపెట్టాలి

శ్రోతలకు నమస్కారం.

వైశాఖం వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో కూలర్లు దుకాణాల్లోంచి రోడ్డు అంచు దాకా వచ్చేస్తాయి. రెండు రాత్రులు వరుసగా నిద్ర పట్టనివాళ్లు మూడో రోజు వెళ్లి, చేతిలో ఉన్న డబ్బుకు ఏది వస్తే అది కొనుక్కుని ఆటోలో వేసుకొస్తారు. ఆ కొనుగోలుకు ముందే ఇంట్లో చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయనీ, వాటికయ్యే ఖర్చు చాలా తక్కువనీ, అవి చేశాక కూడా యంత్రం అవసరమైతే మన ప్రాంతపు గాలిని బట్టి దాన్ని ఎంచుకోవాలనీ చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మన వేసవి అన్ని రోజులూ ఒక్కలా ఉండదు. పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి మధ్యాహ్నం దాటినా లోపలికి రాలేదు. అప్పుడు రాజాం, బొబ్బిలి, పార్వతీపురం వైపే కాదు, ఒక్కోసారి తీరం వెంబడి కూడా ఎండ నిప్పులు చెరుగుతుంది, కానీ గాలి పొడిగా ఉంటుంది. మిగతా రోజుల్లో తీరాన ఉన్న కళింగపట్నం, భావనపాడు, సోంపేట వైపు థర్మామీటరు 34, 35 దగ్గరే ఆగినా ఒంటి మీద చెమట ఆరదు. తీరంలో ఎండను లెక్కించే కొలబద్దే వేరు. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీల నుంచి వడగాల్పుల లెక్క మొదలుపెడితే, తీరప్రాంతంలో 37 డిగ్రీలకే మొదలుపెడుతుంది. ఆ ఉష్ణోగ్రత మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా కూడా ఉండాలి. పొడి ఎండ, ఉక్కపోత అనే ఈ రెండింటి తేడాను శ్రోతలు గుర్తుంచుకుంటే, కూలరు సంగతి వచ్చినప్పుడు పనికివస్తుంది.

ఇంట్లోకి వేడి ఎక్కువగా వచ్చే దారి పైకప్పు. మార్చి నెలలో అరసవల్లి గుడిలో స్వామి పాదాలను తాకే సూర్యుడు అక్కడి నుంచి రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతూ, మే రెండో వారానికి మిట్టమధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు. శ్రీకాకుళం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉండటమే ఇందుకు కారణం. ఆ వేళ గోడ నీడ గోడ మొదట్లోనే ఉండిపోతుంది, ఎండంతా స్లాబు మీదే పడుతుంది. వానలకు నల్లబడిన పాత స్లాబు ఆ ఎండలో సగానికి పైగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడి అయిదంగుళాల కాంక్రీటు గుండా కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక, వీధిలో చల్లబడిన రాత్రి 8 గంటల వేళ కుర్చీ ఎక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూస్తే అది ఇంకా వేడిగానే తగులుతుంది. సీలింగు ఫ్యాను ఆ స్లాబు కింద పోగైన గాలినే మంచం మీదికి తోస్తుంది. ఫ్యాను పాతబడిందని మనం అనుకుంటాం గానీ తప్పు ఫ్యానుది కాదు.

కాబట్టి మొదటి రూపాయి స్లాబు మీద పెట్టాలి. సున్నం చాలు. శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరకముందే, స్లాబు మీది నాచునూ దుమ్మునూ బ్రష్షుతో గీకి, కడిగి ఆరనివ్వాలి. రాతి సున్నాన్ని ప్లాస్టిక్ బకెట్టులో కాక ఇనుప డ్రమ్ములో నానబెట్టాలి, ఎందుకంటే నీళ్లు పడగానే అది కుతకుతా ఉడికి ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది, చింది కంట్లో పడితే చూపుకే ప్రమాదం, అందువల్ల పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. ఒక రాత్రి ఊరిన సున్నాన్ని పలచటి గుడ్డతో వడగట్టి, జిగురు కలిపి, చల్లటి పూట అడ్డంగా ఒక పూత, అది ఆరాక నిలువుగా మరో పూత వేయాలి. జిగురుకు బదులు ఉప్పు కలిపే అలవాటు కొందరికి ఉంది. మట్టి గోడకైతే సరే గానీ, స్లాబు లోపలి ఇనుప చువ్వలకు ఉప్పు శత్రువు, సముద్రపు గాలి పెడుతున్న తుప్పు చాలదన్నట్టు మనం కూడా ఉప్పు చేర్చడం ఎందుకు? తెల్లబడిన స్లాబు కింద గదిలో రెండు మూడు డిగ్రీల తేడా కనిపించవచ్చు. వర్షాకాలం దాటేసరికి ఈ పూత పలచబడిపోతుంది కనుక ఏటేటా వేసుకోవాలి. వేడిని తిప్పికొట్టే ప్రత్యేక రంగులు అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి, ధర కూడా అంతకు తగ్గట్టే ఉంటుంది. అద్దె ఇంట్లో ఉండేవారికి నా దృష్టిలో సున్నమే లాభం.

సాయంత్రం స్లాబు మీద నీళ్లు కొట్టే పద్ధతి మంచిదా అని చాలామంది అడుగుతారు. నీరు ఆవిరయ్యేటప్పుడు పట్టుకుపోయే వేడి మనం ఊహించేదానికంటే ఎక్కువ. 15 లీటర్ల బకెట్టు నీరు మొత్తం ఆవిరైతే, అది సుమారు 10 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడిని తీసుకుపోతుంది. అయితే ఆవిరైన నీటికే ఈ లెక్క, తూము గుండా వీధిలోకి పోయినదానికి కాదు. అందువల్ల గొట్టంతో వరద పారించే బదులు, తడిపిన గోనె సంచులు పరిచి వాటిని చెమ్మగా ఉంచడం మేలు. స్లాబుకు పగుళ్లున్నా, మే నెలలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధి అయినా ఈ ఆలోచన మానుకోవాలి.

రేకుల ఇళ్ల సంగతి వేరు. రేకు ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగా చల్లారుతుంది, కనుక అక్కడ బాధంతా పగటిదే. రేకుకు తెల్లరంగు వేయించి, దానికి ఒక అడుగు కిందుగా వెదురు తడకో తాటాకు చాపో కట్టి, ఆ మధ్యనున్న గాలి బయటికి పోవడానికి రెండు వైపులా ఖాళీ వదిలితే చాలా తేడా తెలుస్తుంది. పొయ్యి ఉన్న గదిలో మాత్రం ఇవేవీ కట్టకూడదు. థర్మోకోల్ కూడా సులువుగా అంటుకునేదే. ఉద్దానం పల్లెల్లో రేకు మీదికి ఆనప పాదు పాకించడం చూస్తుంటాం. అంట్లు కడిగిన నీటితో బతికే ఆ పాదు నీడనూ ఇస్తుంది, కూరనూ ఇస్తుంది.

పైకప్పు తర్వాత చూడవలసింది పడమటి కిటికీ. దానికి లోపల ఎంత మందపాటి పరదా వేసినా అద్దం దాటి వచ్చిన ఎండ గదిలోనే ఉండిపోతుంది. అదే తడకను బయట, గోడకు జానెడు ఎడంగా వేలాడదీస్తే వేడి లోపలికి రాకుండానే ఆగిపోతుంది. నర్సరీలవాళ్లు వాడే ఆకుపచ్చ వల అయినా సరిపోతుంది. ఉదయం బయటి గాలి లోపలి గాలి కంటే వేడెక్కిందని తోచిన క్షణాన కిటికీలు మూసి, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తెరవాలి. రాత్రి ఒక కిటికీలో టేబుల్ ఫ్యానును బయటికి ముఖం పెట్టి నడిపితే గదిలోని వేడిగాలి వెళ్లిపోయి, ఎదురు కిటికీ నుంచి చల్లగాలి వస్తుంది. వంటింటి పని పొద్దెక్కకముందే ముగించుకోవడం ఎలాగూ మన ఇళ్లలో అలవాటే.

ఇక ఫ్యాను. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఒంటి చెమటను ఆర్చి మనిషిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో అది తిరగడం కరెంటు దండగ. పాతరకం సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే 13 గంటలకు ఒక యూనిట్ కాలుతుంది. తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది కనుక అదే యూనిట్ 33 గంటలు వస్తుంది, ఇన్వర్టరు బ్యాటరీ మీద కూడా రెట్టింపు సేపు నడుస్తుంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మన బిల్లు పద్ధతిలో ఈ ఆదా చిన్నది కాదు. అయితే గదిలో 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను వేడిగాలిని ఒంటికి తగిలించి మేలుకు బదులు కీడు చేస్తుంది. ఆ పూట పెద్దవారిని, పసిపిల్లలను కింది అంతస్తులోని గదికి మార్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి.

కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే, మంచి కూలరు గాలిని 28 దరిదాపులకు తేగలదు. 34 డిగ్రీల వేడిలో తేమ 70 శాతం ఉన్న రోజున ఎంత గొప్ప కూలరైనా 29 కంటే కిందికి తేలేదు, మామూలుగా అంత దాకా కూడా రాదు, పైగా ఉన్న ఉక్కకు మరింత తడి చేరుస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న సాలూరు వాసికి సగం వేసవి ఉపయోగపడే యంత్రం కళింగపట్నం వాసికి కొన్ని రోజులకే పనికివస్తుంది. కొన్నవారు దాన్ని కిటికీ బయట పెట్టి, ఎదుటి కిటికీ తప్పనిసరిగా తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూసిన గదిలో కూలరు పెట్టడమంటే ఆవిరిపట్టడమే. తొట్టిలో నీటిని వారానికొకసారి పారబోసి, తుడిచి ఆరబెట్టకపోతే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

తీరం వెంబడి ఉక్కను నిజంగా తీసివేసేది ఏసీయే, ఎందుకంటే అది గాలిలోని తడిని నీరుగా మార్చి బయటికి పంపుతుంది. టన్నున్నర ఏసీ రాత్రి 8 గంటలు నడిస్తే 6 నుంచి 9 యూనిట్ల దాకా కాలవచ్చు. తెల్లబడిన స్లాబు కింది చిన్న పడకగదికి ఒక టన్ను సరిపోయే అవకాశం ఎక్కువ, అందుకే సున్నం ముందు, ఏసీ తర్వాత అంటున్నాను. 2020 జనవరి నుంచి తయారైన గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. దాన్ని 26కు పెంచి, ఫ్యానును నెమ్మదిగా తిప్పితే నిద్రకు లోటుండదు; ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఇంచుమించు 6 శాతం ఆదా అవుతుందని అంచనా. బయటి యూనిట్‌ను పడమటి ఎండ తగలని చోట, గాలి ఆడేలా బిగించాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి దాని రెక్కలు తుప్పుపట్టి పొడిగా రాలిపోతాయి కనుక, కొనేటప్పుడే కాయిల్‌కు తుప్పు పట్టని పూత ఉందో లేదో అడిగి, ఆ మాట వారంటీ కాగితం మీద రాయించుకోవాలి.